ఫెర్రెట్ రంగు ఎలా గుర్తుపట్టాలి, ఇంట్లో ఎలా పెంచాలి

మా అమ్మ మొదటిసారి న్యూజెర్సీ వచ్చినప్పుడు, సోఫా కింద నుంచి వంకర్లు తిరుగుతూ దూసుకొచ్చిన జంతువును చూసి కాళ్లు పైకి పెట్టేసుకుంది. "ఇదేమిటిరా, ముంగిసను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారా?" అంది. ముంగిస కాదమ్మా, ఫెర్రెట్ అన్నాను. పేరు బెల్లం అని చెప్పాక కాస్త నవ్వింది. మూడో రోజుకు ఆవిడ కళ్లజోడు పెట్టె మాయమైంది. మంచం కింది మూలలో నా మేజోళ్లు, ఒక గరిటె, టీవీ రిమోటు సరసన దొరికింది. ఫెర్రెట్ అనే మాటకు లాటిన్ మూలంలో 'చిన్న దొంగ' అని అర్థమని అప్పుడు చెప్పాను. "పేరు పెట్టినవాళ్లు చూసే పెట్టారు" అంది.

చూపులకు ముంగిసలా ఉన్నా దాని కుటుంబం వేరు. నీరుకుక్క, మింక్, వీజెల్ దీని చుట్టాలు. ఐరోపా అడవుల్లో తిరిగే పోల్‌క్యాట్‌ను రెండు వేల ఏళ్ల కిందటే మనుషులు మచ్చిక చేసుకున్నారని అంచనా. బొరియల్లో దాక్కున్న కుందేళ్లను బయటికి తరమడం దాని ఉద్యోగం. పొడవాటి సన్నని ఒళ్లు, పొట్టి కాళ్లు, కన్నం కనబడితే చాలు దూరిపోవాలన్న తపన, అన్నీ ఆ ఉద్యోగం ఇచ్చినవే. ఆడది కిలో లోపే ఉంటుంది, మగది రెండు కిలోల దాకా పెరుగుతుంది. ఆరేడేళ్లు, బాగా చూసుకుంటే ఎనిమిదేళ్లు బతుకుతుంది.

తెచ్చుకోవాలనుకునే తెలుగు మిత్రులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ రంగుది తీసుకోవాలి?" రంగు చివర చూసుకోవలసిన విషయం. పైగా ఈ జంతువుకు రంగు నిలకడగా ఉండదు, ఏడాదికి రెండుసార్లు మారుతుంది. అయినా రంగునూ బొచ్చునూ చదవడం మాత్రం నేర్చుకు తీరాలి, ఎందుకంటే ఫెర్రెట్ తన జబ్బుల్లో సగం బొచ్చు ద్వారానే చెబుతుంది. అందుకే ఈ వ్యాసంలో రంగుల గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను. ముందు మాత్రం రంగుతో సంబంధం లేని రెండు మాటలు.

మీరు ఉన్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో చూడండి

అమెరికాలో కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో ఫెర్రెట్‌ను పెంచడం నేరం. న్యూయార్క్ నగరంలో 1999 నుంచి నిషేధం ఉంది. 2015లో ఎత్తేయాలని చూశారు, నెగ్గలేదు. మా న్యూజెర్సీలో పెంచవచ్చు కానీ రాష్ట్ర వన్యప్రాణి విభాగం నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. అంటే మా ఊరు ఎడిసన్‌లో నా ఒడిలో దర్జాగా పడుకునే జంతువు హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లో అడుగుపెడితే దోషి. న్యూజిలాండ్‌లో 2002 నుంచి వీటి అమ్మకం, పిల్లలను పుట్టించడం రెండూ నిషేధమే. కుందేళ్లను అదుపు చేయడానికని పంతొమ్మిదో శతాబ్దంలో తెచ్చి వదిలిన ఫెర్రెట్లు అక్కడి ఎగరలేని పక్షులను తినేశాయి మరి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఒప్పుకోదు, పక్కనున్న న్యూ సౌత్ వేల్స్ ఒప్పుకుంటుంది. బ్రిటన్‌లో ఏ అడ్డూ లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే మన వాళ్ల బతుకులు ఉద్యోగాన్ని బట్టి ఊళ్లు మారే బతుకులు. నాలుగేళ్ల తర్వాత కాలిఫోర్నియాలోని శాన్‌హోసే నుంచి మంచి ఉద్యోగం వస్తే ఫెర్రెట్‌ను ఎవరికి ఇస్తారు? దానికి జవాబు దొరికాకే ముందుకు వెళ్లండి. ఇల్లు అద్దెదైతే యజమానిని కూడా అడగండి, ఒప్పందంలో పిల్లి కుక్కల మాటే ఉండి ఫెర్రెట్ మాట ఉండదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చదువుతున్న వారికి ఒక మాట. ఈ జంతువుకు చెమట పట్టి ఒళ్లు చల్లబడే వీలు దాదాపు లేదు. గది వేడి 27 డిగ్రీలు దాటితే నీరసపడుతుంది, 32 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోయి రెండు గంటలు రాకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. చల్లని దేశపు జంతువు అది, అక్కడే ఉండనివ్వండి.

మీ వంటింటికి సరిపోతుందా

ఫెర్రెట్ పూర్తి మాంసాహారి. కుక్కలాగా అన్నీ సర్దుకు తినే రకం కాదు. పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. పీచు, పిండి పదార్థాలు, పళ్లు, కూరగాయలు అరిగించుకునే ఏర్పాటే దాని పొట్టలో లేదు. శాకాహారుల ఇంట్లో కోడి మాంసంతో చేసిన పొడి మేత సంచి అలమరలో ఉండటానికి అభ్యంతరం లేకపోతే సరే. ఉంటే మాత్రం దయచేసి దీని జోలికి వెళ్లకండి, కుందేలునో గినీ పిగ్‌నో తెచ్చుకోండి. పప్పన్నంతో ఫెర్రెట్‌ను పెంచడం దాన్ని ఆకలితో చంపడమే.

ఇంకొకటి వాసన. ఒంటి నిండా నూనె గ్రంథులు ఉంటాయి, కస్తూరిలాంటి ఒక వాసన ఎప్పుడూ ఉంటుంది. అలవాటైనవారికి అది పెద్దగా తెలియదు, వచ్చిన చుట్టాలకు గుమ్మంలోనే తెలుస్తుంది. ఈ వాసనను మీ ఇంట్లో వాళ్లందరూ ఒకసారి పీల్చి చూశాకే నిర్ణయం తీసుకోండి. ఫెర్రెట్లను చేరదీసే ఆశ్రయాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, అక్కడికి వెళ్లి ఒక గంట కూర్చుని రండి.

రంగు చూసే పద్ధతి

పగటి వెలుతురులో కిటికీ పక్కన కూర్చోండి. దుకాణంలోని ట్యూబులైట్ కింద అన్నీ ఒకేలా కనబడతాయి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకొక చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తి ఒడిలో పెట్టుకోండి. ఇప్పుడు నడుము మీది బొచ్చు మీదకు, తోక వైపు నుంచి తల వైపుగా, నోటితో మెల్లగా ఊదండి. బొచ్చు పాయలా విచ్చుకుని రెండు పొరలు కనబడతాయి. పైన పొడవుగా, కాస్త గరుకుగా ఉండేవి పై వెంట్రుకలు. కింద దూదిలా మెత్తగా, తెల్లగానో మీగడ రంగులోనో ఉండేది లోబొచ్చు. రంగుకు పేరు పెట్టేది పై వెంట్రుకలను బట్టే. లోబొచ్చు ఎంత పలచగా ఉంటే పై రంగు అంత ముదురుగా కనబడుతుంది, కన్ను మోసపోయేది ఇక్కడే.

ఆ తర్వాత కళ్లు, ముక్కు చూడండి. పై వెంట్రుకల దగ్గర సందేహం వస్తే తీర్పు చెప్పేది ఈ రెండే.

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది సేబుల్. వేయించిన కాఫీ గింజలాంటి వెచ్చని ముదురు గోధుమ రంగు పైన, మీగడ రంగు లోపల. కళ్లు దాదాపు నలుపు. ముక్కు లేత గోధుమ రంగులోనో, మచ్చలతోనో, అంచున ఇంగ్లిషు 'టీ' అక్షరం గీసినట్టో ఉంటుంది. అడవి పోల్‌క్యాట్ రంగు కూడా ఇదే కాబట్టి పాతకాలం వాళ్లు దీన్ని పోల్‌క్యాట్ రంగు అనే అంటారు. ఇందులోంచి ఆ వెచ్చదనం తీసేసి బూడిద ఛాయ కలిపితే బ్లాక్ సేబుల్. పై వెంట్రుకలు నిజంగా నల్లగా, లోబొచ్చు తెల్లగా, ముక్కు కూడా నల్లగా ఉంటే బ్లాక్. బ్లాక్ సేబుల్‌ను బ్లాక్ అని చెప్పి అమ్మేవాళ్లు ఉంటారు. ముక్కు చూసి, వెన్ను మీద ఎండ పడేలా తిప్పి చూస్తే గోధుమ ఛాయ బయటపడుతుంది.

చాక్లెట్ అంటే పాల చాక్లెట్టే, వేరే పోలిక అక్కర్లేదు. కళ్లు గోధుమ రంగు నుంచి ముదురు ఎరుపు వరకు ఉంటాయి, ముక్కు గులాబీ లేదా ఇటుక రంగు. చాక్లెట్‌లో పాలు ఎక్కువైతే షాంపేన్, అంటే మన ఇళ్లలో పొద్దున్నే తాగే పలచని టీ రంగు. సినమన్ వేరు. అందులో ఎరుపు ఉంటుంది. కొత్త బెల్లం దిమ్మను చీల్చినప్పుడు లోపల కనబడే ఆ ఎర్రని బంగారు రంగు అది. మా వాడికి ఆ పేరు వచ్చింది అందుకే. షాంపేన్, సినమన్ పక్కపక్కన పెడితే ఎవరైనా చెప్పగలరు. విడివిడిగా చూపిస్తే నేనూ తడబడతాను.

తెలుపులో రెండు రకాలు. ఎర్రని కళ్లు, గులాబీ ముక్కు ఉంటే అల్బినో. తెల్లగానే ఉండి కళ్లు మాత్రం నలుపో ముదురు ఎరుపో అయితే దాన్ని 'డార్క్ ఐడ్ వైట్' అంటారు, పెంచేవాళ్ల నోట్లో పొట్టిగా 'డ్యూ'. డ్యూ వీపు మీద అక్కడక్కడ కొన్ని నల్ల వెంట్రుకలు ఉన్నా అది డ్యూనే. తెల్లవి నిజానికి మల్లెపువ్వులా తెల్లగా ఉండవు. చర్మపు నూనె పట్టి కొన్నాళ్లకు పసుపు తిరుగుతాయి, ఆపరేషన్ కాని మగవాటిలో మరీ ఎక్కువ. అది మురికి అనుకుని రుద్ది రుద్ది స్నానం చేయించకండి.

రంగు ఒకటి, ఆ రంగు పరుచుకున్న తీరు ఇంకొకటి

ఒకే సేబుల్ రంగున్న రెండు ఫెర్రెట్లు పూర్తిగా వేరుగా కనబడవచ్చు. కాళ్లు, తోక ఒంటికంటే ముదురుగా ఉంటే అది స్టాండర్డ్. ఒళ్లూ కాళ్లూ తేడా లేకుండా ఒకే ముదురుగా ఉంటే సాలిడ్. ఒళ్లు బాగా లేతగా, కాళ్లు తోక బాగా ముదురుగా ఉండి సయామీ పిల్లిని గుర్తుచేస్తే పాయింట్. పై వెంట్రుకల్లో దాదాపు సగం తెల్లవి కలిసిపోయి నువ్వులూ బియ్యం కలిపి చల్లినట్టు ఉంటే రోన్. నాలుగు పాదాలూ తెల్లటి మేజోళ్లు తొడుక్కున్నట్టు ఉంటే మిట్. ముఖం మీద కళ్ల చుట్టూ ఉండే ముదురు ముసుగు కూడా ఒక గుర్తే. కొన్నిటికి నిండుగా, కొన్నిటికి ముక్కు మీద 'వీ' అక్షరంలా ఉంటుంది.

ఇక తల మీద నుంచి మెడ దాకా తెల్లని చార ఉన్న బ్లేజ్, తల మొత్తం మెడ దాకా తెల్లగా ఉన్న పాండా. ఇవి చూడముచ్చటగా ఉంటాయి, ఎక్కువ ధర పలుకుతాయి, ఎక్కువగా చెవిటివి కూడా. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనిచేయడానికీ కావాలి. అవి తల దాకా చేరనప్పుడు తెలుపూ వస్తుంది, చెవుడూ వస్తుంది. వార్డెన్‌బర్గ్ లక్షణం అంటారు, మనుషుల్లోనూ ఉంది. దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీరే పరీక్షించండి: అది వేరే వైపు చూస్తున్నప్పుడు, వెనుక నుంచి, గాలి తగలనంత దూరంలో తాళాల గుత్తి ఆడించండి. నేల మీద కొట్టకండి, అదురు పాదాలకు తెలిసిపోతుంది. రెండు మూడుసార్లు చేసినా చెవి కదలకపోతే వినబడటం లేదన్నమాటే.

చెవిటిదని వదిలేయమని నేను అనను. మా ఇంట్లో రెండోది, చింతపండు, పాండా. దానికి ఏమీ వినబడదు. తిండికి పిలవాలంటే నేలను రెండుసార్లు తడతాం, పరుగెత్తుకొస్తుంది. నిద్రలో ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకుండా చెయ్యి ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనిస్తాం. ఉలిక్కిపడి లేస్తే కరుస్తుంది, తప్పు దానిది కాదు.

ఇంత చెప్పాక ఇప్పుడు మీరు నేర్చుకున్న రంగు కాస్తా మారిపోతుంది. వసంతంలో, శరత్తులో బొచ్చు రాలి కొత్తది వస్తుంది. వేసవి బొచ్చు పలచగా, ముదురుగా ఉంటుంది. శీతాకాలపు బొచ్చు దట్టంగా, లేతగా ఉంటుంది, కొన్నిటికి ముసుగు మొత్తం మాయమవుతుంది. బెల్లం రెండో చలికాలానికి బెల్లంలా లేడు, పాలు పోసిన టీ అయ్యాడు. మే నెలలో మళ్లీ బెల్లమయ్యాడు. రోన్ రకాలు వయసు పెరిగే కొద్దీ తెల్లబడుతూ పోతాయి. పుట్టిన పిల్లలైతే ఏ రంగువైనా తెల్లని నూగుతోనే, కళ్లు తెరవకుండా పుడతాయి. కళ్లు తెరవడానికి నెల పైనే పడుతుంది. చిన్న పిల్లను చూపించి "ఇది అరుదైన రంగు" అని డబ్బులు గుంజేవాళ్లను నమ్మకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. అరుదని చెప్పే పొడుగు బొచ్చు అంగోరాలతోనూ జాగ్రత్త, వాటి ముక్కు కట్టులో తేడాలుంటాయి, తల్లులకు పాలు సరిగా రావు.

పిల్లను ఎంచుకోవడం

ఎనిమిది వారాలు దాటిందా అని అడగండి. కళ్లు తేటగా, తోక కింద శుభ్రంగా, ముట్టుకుంటే ఒళ్లు దృఢంగా ఉండాలి. చేతిని మెల్లగా కొరికితే కంగారుపడకండి, పిల్లలన్నీ కొరుకుతాయి. అమెరికాలో పెద్ద ఫారాల నుంచి వచ్చిన పిల్లల చెవిలో రెండు చుక్కల పచ్చబొట్టు కనబడవచ్చు. ఒకటి పునరుత్పత్తి ఆపరేషన్ అయిందనడానికి, రెండోది తోక కింది కంపు గ్రంథులు తీసేశారనడానికి గుర్తు. గ్రంథులు తీసినా ఒంటి వాసన పోదు, ఆ నమ్మకంతో కొనకండి. ఆపరేషన్ కాని ఆడదాన్ని తెచ్చుకుంటే పశువైద్యుడితో వెంటనే మాట్లాడాలి. మగదానితో కలవకపోతే దాని ఎద తనంతట తాను తగ్గదు. ఎదలో ఊరే హార్మోను ఎముక మజ్జను దెబ్బతీసి రక్తహీనతతో చంపేస్తుంది.

వీలైతే రెండు తెచ్చుకోండి. ఒంటరి ఫెర్రెట్‌కు మీరే తోడు, మీరే ఆటబొమ్మ.

పంజరం, గది

రెండు మూడు అంతస్తుల తీగ పంజరం కావాలి, కడ్డీల మధ్య ఖాళీ 2.5 సెంటీమీటర్లు మించకూడదు. తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. లోపల గుడ్డ ఉయ్యాల కట్టండి. రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోతుంది, అదీ ఒంటి మీద ప్రాణం లేదేమో అన్నంత గాఢంగా. మొదటిసారి చూసినప్పుడు ఎత్తినా లేవకపోతే గుండె ఆగిపోయినంత పనవుతుంది. మెడ వెనక నిమరండి, కాసేపటికి ఆవులిస్తూ లేస్తుంది. అట్టడుగున దేవదారు, పైన్ చెక్క పొట్టు వేయకండి, ఆ ఘాటు ఊపిరితిత్తులకు పడదు. పాత చీర ముక్కలు, టీ షర్టులు బ్రహ్మాండంగా పనికొస్తాయి.

రోజుకు కనీసం నాలుగు గంటలు పంజరం బయట ఉండాలి. ఆ నాలుగు గంటల కోసం గదిని సిద్ధం చేయడమే అసలు పని. మీరే నేల మీద బోర్లా పడుకుని దాని ఎత్తు నుంచి గదిని చూడండి. ఫ్రిజ్ వెనక, వంటింటి అలమరల కింద, సోఫా అడుగు గుడ్డలో ఉన్న ప్రతి కన్నం అప్పుడు కనబడుతుంది. వెనక్కి వాలే కుర్చీలు గదిలోంచి తీసేయండి, వాటి ఇనుప కీళ్ల మధ్య నలిగి చనిపోయిన ఫెర్రెట్లు చాలా ఉన్నాయి. బట్టల మిషన్ తలుపు వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడటం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

అన్నిటికంటే పెద్ద శత్రువు రబ్బరు. వాటికి రబ్బరన్నా స్పాంజి అన్నా పిచ్చి. అమ్మ గుంటూరు నుంచి తెచ్చుకున్న హవాయి చెప్పుల్లో ఒకదాని మడమ దగ్గర రూపాయి బిళ్లంత ముక్క లేదని మేము రెండు రోజుల తర్వాత గమనించాం. అప్పటికే బెల్లం తిండి మానేశాడు, పళ్లు కొరుకుతూ ముందుకాళ్లతో నోరు గోక్కుంటున్నాడు. పెంట సన్నని దారంలా వచ్చి ఆగిపోయింది. పేగులో అడ్డం పడిందని ఆ రాత్రే పొట్ట కోసి తీశారు. ఆ ముక్కను డాక్టరు చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చాడు, దాని నీలం రంగు కూడా పోలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో చెప్పులు, ఇయర్‌ఫోన్ రబ్బర్లు, పిల్లల బొమ్మలు, రిమోటు అన్నీ మూత ఉన్న డబ్బాలోనే.

తిండి

పొడి మేత సంచి వెనక చూడండి. మొదటి పదార్థం మాంసం అయి ఉండాలి, మాంసకృత్తులు 35 శాతానికి తగ్గకూడదు, కొవ్వు 18 నుంచి 20 దాకా, పీచు మూడు లోపు. బఠాణీ, బంగాళాదుంప, మొక్కజొన్న పైవరుసలో ఉంటే ఆ సంచి అక్కడే పెట్టేయండి. ఫెర్రెట్ల మేత దొరకకపోతే మంచి రకం పిల్లిపిల్లల మేత కొన్నాళ్లు పెట్టవచ్చు, కుక్క మేత మాత్రం వద్దు. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి. కొద్దికొద్దిగా పది సార్లు తింటుంది. ఎక్కువసేపు పస్తు పెట్టకూడదు.

చిన్నప్పుడు ఏ రుచి తెలిస్తే జీవితాంతం దాన్నే తిండి అనుకుంటుంది. అందుకే తొలి ఆరు నెలల్లో రెండు మూడు రకాల మేత, ఉడికించిన కోడి ముక్క, గుడ్డు అన్నీ చూపించండి. మేత మార్చాల్సి వస్తే పాతదానిలో పావు వంతు కొత్తది కలిపి, వారం పది రోజుల మీద నిష్పత్తి పెంచండి.

మా అమ్మ మనసు మెత్తన. నేను ఆఫీసుకు వెళ్లగానే చిటికెడు పెరుగన్నం పెట్టేది. "నాకేసి అలా చూస్తుంటే ఎలా తినను?" అనేది. రెండు రోజుల విరేచనాల తర్వాత తనే మానేసింది. పాలూ పెరుగూ వాటికి అరగవు. ఎండుద్రాక్ష, లడ్డు, అరటిపండు, బిస్కట్ ఇవ్వకండి, ఎంత ఇష్టంగా అడిగినా సరే. తీపి అంటే పడి చస్తాయి, ఆ ఇష్టమే వాటికి ముప్పు.

రోజువారీ పనులు

మూలలకు వెనక్కి నడిచి వెళ్లి మలవిసర్జన చేయడం దాని స్వభావం. మూలలో పెట్టె పెట్టి కాగితపు గుళికలు పోయండి. నీరు తగిలితే ముద్దకట్టే పిల్లుల మట్టి వద్దు, ముక్కులోకి పోతుంది. నిద్ర లేచిన పది నిమిషాల్లోపు పెట్టెలో నిలబెడితే పది రోజుల్లో అర్థం చేసుకుంటుంది. పిల్లిలా నూటికి నూరుపాళ్లు మాత్రం ఆశించకండి.

కొరికితే కొట్టకండి. మెడ వెనక వదులు చర్మం పట్టుకుని ఎత్తి, గట్టిగా "వద్దు" అని, మూడు నిమిషాలు పంజరంలో పెట్టండి. ప్రతిసారీ, ఇంట్లో ప్రతి ఒక్కరూ అదే చేయాలి. తోక సీసా బ్రష్‌లా ఉబ్బించి, వీపు విల్లులా వంచి, పక్కకు గెంతుతూ, నోరు తెరిచి గోడకు కొట్టుకుంటే అది కోపం కాదు, పట్టరాని ఆనందం. 'డుక్ డుక్' అని గొణుగుతుంది కూడా.

స్నానం రెండు నెలలకు ఒకసారి చాలు. ఎక్కువైతే పోయిన నూనెను భర్తీ చేయడానికి చర్మం మరింత నూనె ఊరుస్తుంది, వాసన పెరుగుతుంది. వాసన తగ్గాలంటే ఉతకవలసింది పక్కబట్టలను, వారానికొకసారి. అగరుబత్తి పొగతో కప్పిపుచ్చాలని చూడకండి. గోళ్లు రెండు వారాలకు ఒకసారి తీయాలి: వెల్లకిలా పడుకోబెట్టి బొడ్డు మీద సాల్మన్ నూనె రెండు చుక్కలు వేస్తే అది నాకుతూ ఉంటుంది, మీరు పని కానిచ్చేయవచ్చు.

డాక్టరు, మళ్లీ బొచ్చు

కొనడానికి ముందే ఫెర్రెట్లను చూసే పశువైద్యుడు దగ్గర్లో ఉన్నాడో లేదో తెలుసుకోండి, అందరూ చూడరు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ దీనికి సోకితే దాదాపు బతకదు. టీకా 8, 11, 14 వారాల వయసులో, తర్వాత ఏటా. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత ఏటా. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి, కొన్నిటికి వాంతులు, ముఖం వాపు వస్తాయి. మీకు ఫ్లూ వస్తే దాన్ని ముద్దు చేయకండి, మన ఫ్లూ దానికి అంటుకుంటుంది, దానిది మనకూ వస్తుంది. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనుషుల ఫ్లూకు కారణమైన వైరస్‌ను పట్టుకున్నది ఫెర్రెట్ల సాయంతోనే.

మూడేళ్లు దాటాక నెలకోసారి, మొదట్లో చెప్పినట్టే, కిటికీ పక్కన కూర్చుని బొచ్చు ఊది చూడండి. కాలం మారినప్పుడు రాలితే ఒళ్లంతా ఒకేలా పలచబడి, నెలలోపు కొత్తది వస్తుంది. తోక మొదట్లో మొదలై నడుము మీదుగా పైకి పాకుతూ రెండు పక్కలా సమానంగా బొచ్చు పోతుంటే, దురదగా ఉంటే, అది అడ్రినల్ గ్రంథి జబ్బు కావచ్చు. ఆపరేషనైన ఆడదానికి తోక కింద వాపు వచ్చినా, మగది మూత్రానికి కష్టపడినా అదే అనుమానం. మూత్రం రాకపోతే మాత్రం రేపటి దాకా ఆగకండి. ఈ గ్రంథి జబ్బుకు చర్మం కింద పెట్టే హార్మోను గుళిక ఉంది, చాలావాటికి బొచ్చు తిరిగి వస్తుంది.

శూన్యంలోకి చూస్తూ నిలబడిపోవడం, వెనక కాళ్లు తేలిపోవడం, చొంగ కార్చడం కనబడితే రక్తంలో చక్కెర పడిపోయిందన్నమాట, క్లోమంలో కణితి వల్ల నడి వయసు ఫెర్రెట్లకు తరచుగా వచ్చే జబ్బు. వేలితో కాస్త తేనె చిగుళ్లకు రాసి, వేలు పళ్ల మధ్యకు పోకుండా చూసుకుని, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఆపరేషన్ కోసం బెల్లం పొట్ట మీద బొచ్చు గీశారు. నాలుగు వారాలకు ఆ చోటంతా కమిలినట్టు నీలంగా మారింది. అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేశాను. ఆయన నవ్వి, చర్మం కింద కొత్త వెంట్రుకలు బయలుదేరినప్పుడు అలాగే కనబడుతుంది, పడుకోండి అన్నాడు. వారానికి బొచ్చు వచ్చింది, ఈసారి ఒక ఛాయ ముదురుగా.